మేకలు మేసిన మల్లె

గుంటూరు

చిరంజీవులు చిన్నుకీ బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

బెజవాడ కొత్తింట్లో సర్దుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంటి ముందు పదడుగుల జాగా ఉందట, ప్రహరీ లేదట, అంతా టైల్స్ పరిపించేద్దామని మీ నాన్నగారు అంటున్నారట. అల్లుడికి అత్తగారు సలహా చెబితే బావుండదు. అందుకని, టైల్స్ బదులు అక్కడ మొక్కలు వేయమని మీకు రాస్తున్నా.

ముందు ఆ జాగాలో మూరెడు కర్ర నిలువుగా పాతండి. పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి నీడ కొస ఎక్కడ పడితే అక్కడ గులకరాయి పెట్టండి. ఎండ ఎటునుంచి పడుతుందో తెలుస్తుంది. మే మొదటి వారంలో ఒకరోజు, పన్నెండు దాటిన నాలుగైదు నిమిషాలకి ఆ కర్రకి నీడే ఉండదు! మన వైపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే, అప్పుడొకసారి, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో. ఆ రెంటి మధ్యా మిట్టమధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం పక్కనుంచి పడుతుంది. మీది ఉత్తరం వాకిలి. నీడపట్టే కదా అని నీడలో పెరిగే మొక్కలు తెచ్చిపెడితే మాడిపోతాయి. డిసెంబరులో అదే చోట ఇంటి నీడ పరుచుకుంటుంది. అంటే ఎండాకాలం పూసి చలికాలం నిద్రపోయే మొక్క కావాలి. నన్నడిగితే మల్లె.

ప్రహరీ లేకపోతే మేకలు తినేయవా అంటారు. తింటాయి. ఓ ఏడు సంక్రాంతికి ముందు, నేను లోపల బియ్యం ఏరుకుంటుంటే, రెండు మేకలు వచ్చి మా గుండుమల్లె పొదకి పుల్లలు మాత్రం మిగిల్చాయి. మేకలాయన మీద వీధంతా వినబడేలా అరిచాను. ఆయన నెమ్మదిగా వంగి, ఓ పుల్లని గోటితో గీకి, లోపలి పచ్చదనం చూపించి, "పేడేసి నీళ్లు పెట్టండమ్మా, ఉగాదికి చూడండి" అన్నాడు. ఇంకా ఒళ్లు మండింది. తీరా ఉగాది నాటికి ప్రతి పుల్లకీ చిగుర్లు, చిగురు చిగురుకీ మొగ్గలు. మల్లెమొగ్గ వచ్చేది కొత్త చిగురు కొసనే. అందుకే మల్లెతోటల రైతులు చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరిస్తారు. కొందరైతే గొర్రెలనే తోలి మేపిస్తారు. మేకలాయనకి ఆ మాట నేనింతవరకూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఏది ఎక్కడ వేయాలంటారా? రోడ్డు వారన మందారం, నందివర్ధనం. తెల్లారకుండానే సంచీ పట్టుకుని పూజకి పూలు కోసుకెళ్లేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు, వాళ్లకి చెయ్యి అందేవి అవే. మల్లె మాత్రం మెట్ల పక్కన. సాయంత్రం ఐదింటికల్లా మొగ్గ మీదే కోసేస్తే దీపాలవేళకి జడలో విచ్చుకుంటాయి. గన్నేరు వద్దు. దాన్ని పశువు ముట్టదు, నిజమే, కానీ ఆకు, పువ్వు, కాయ అన్నీ విషం. మన బుజ్జికి కనబడిందల్లా నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా పోయినట్టు లేదు.

మట్టినీ ఓసారి చూడండి. మూరెడు గుంట తీసి బకెట్ నీళ్లు పోయండి. గంటలో ఇంకితే సరే. సాయంత్రానికీ నిలిచుంటే అది జిగటమట్టి, మాగిన పేడెరువు కలిపి మడి ఎత్తుగా కట్టాలి. మా నల్లరేగడి అలాంటిదే, వానకి ఉబ్బుతుంది, ఎండకి బొటనవేలు దూరేంత నెర్రెలిస్తుంది. అలాంటి నేలలో పునాది పక్కన వేపా రావీ వేయకూడదు. వేర్లు తేమ లాగేస్తే నేల కుంగి గోడలు బీటలు వారతాయి.

టైల్స్ పగలంతా ఎండ తాగి రాత్రిదాకా వేడి కక్కుతాయి, వాననీళ్లని తిన్నగా సైడు కాలవలోకి పంపుతాయి. బండి చక్రాల కింద రెండు పట్టీలు వేయించుకోమనండి, చాలు. ఈ మాట నేనన్నానని చెప్పకండి.

వానలు పడగానే మా పొదలో ఓ కొమ్మ వంచి, కణుపు దగ్గర కాస్త చెక్కి, మట్టిలో తొక్కి పైన ఇటుక పెడతాను. దసరా సెలవులకి మీరొచ్చేసరికి వేరు పోసుకుని ఉంటుంది, పట్టుకెళుదురుగాని. ఈలోగా గులకరాళ్లు ఎవరూ కదపకుండా చూసుకోండి.

మీ అమ్మమ్మ