సూయజ్ కాలువ దగ్గర చేతులు మారిన పెత్తనం

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న మీరిద్దరూ ఫోన్‌లోనే వాదులాడుకుని చివరికి నన్ను తీర్పు చెప్పమన్నారు. ఎక్కువ బాంబులున్న దేశమే అగ్రరాజ్యమని అన్న, కాదు ఎక్కువ డబ్బున్నదేనని చెల్లి. ఫోన్‌లో తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఉత్తరం పెద్దదే, ఒకేసారి కాకపోతే రెండు విడతలుగా చదువుకోండి.

1956 సంగతి చెప్తాను. అప్పటికి బ్రిటన్ దగ్గర మీరు చెప్పిన రెండూ ఉన్నాయి. అణుబాంబు 1952లోనే పేల్చి చూసుకుంది. దాని పౌండు చాలా దేశాల్లో చెల్లుతోంది. యుద్ధనౌకలకు కొదవే లేదు. అయినా ఆ ఏడాది నవంబరు మొదటి వారంలో దాని పెద్దరికం కాస్తా నలుగురిలో పోయింది. ఆ పని చేసింది శత్రువు కూడా కాదు, ప్రాణస్నేహితుడు అమెరికా. అదీ ఒక్క తూటా పేల్చకుండా.

గొడవంతా ఈజిప్టులోని సూయజ్ కాలువ గురించి. మధ్యధరా సముద్రాన్ని ఎర్రసముద్రంతో కలిపే ఈ కాలువ 1869లో తెరుచుకుంది. తవ్వించింది ఫ్రెంచి కంపెనీ, తవ్వింది ఈజిప్టు కూలీలు. దాంతో యూరప్ ఓడలకు ఆఫ్రికా అంతా చుట్టి రావాల్సిన బాధ తప్పింది. 1875లో ఈజిప్టు పాలకుడు అప్పుల్లో మునిగిపోయి తన వాటాలు అమ్మకానికి పెడితే, బ్రిటన్ 40 లక్షల పౌండ్లకు కొనేసింది. ఏడేళ్లు తిరిగేసరికి సైన్యాన్నే దించింది. ముందు అప్పు, తరవాత వాటా, ఆ వెనకే సిపాయి. మన దగ్గరా ఇంచుమించు ఇదే జరిగింది. నిజాం తన రక్షణకని పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో రాయలసీమ జిల్లాలను కంపెనీకి రాసిచ్చేశాడు. దత్త మండలాలు అని మీ సోషల్ పుస్తకంలో ఉండే ఉంటుంది.

సరే, ఈజిప్టు. ఆ దేశ నాయకుడు నాసర్ నైలు నది మీద ఆస్వాన్ దగ్గర పెద్ద డ్యామ్ కట్టాలనుకున్నాడు. డబ్బు సర్దుతామన్న అమెరికా, బ్రిటన్ 1956 జులైలో మాట వెనక్కి తీసుకున్నాయి. వారం తిరిగిందో లేదో, జులై 26న అలెగ్జాండ్రియాలో నాసర్ సభ పెట్టాడు. ప్రసంగం రేడియోలో వస్తోంది. కాలువ తవ్వించిన ఫ్రెంచివాడి పేరు లెసెప్స్. ఆ పేరు నా నోట వినబడగానే కదలండని నాసర్ తన మనుషులకు ముందే చెప్పి ఉంచాడు. వినబడింది, వాళ్లు కాలువ కంపెనీ ఆఫీసుల్లోకి వెళ్లి స్వాధీనం చేసుకున్నారు. ఎందుకైనా మంచిదని ఆయన ఆ పేరు పదేపదే పలికాడట!

బ్రిటన్‌కు ఒళ్లు మండిపోయింది. యూరప్ చమురులో మూడింట రెండొంతులు ఆ దారినే రావాలి. ప్రధాని ఈడెన్ ఫ్రాన్సుతోనూ ఇజ్రాయెల్‌తోనూ పారిస్ శివార్లలో రహస్యంగా ఒక ఒప్పందం చేయించాడు. ముందు ఇజ్రాయెల్ ఈజిప్టు మీద పడుతుంది, తరవాత మిగతా ఇద్దరూ తగవు తీర్చేవాళ్లలా వచ్చి కాలువను పట్టుకుంటారు. ఆ కాగితం తమ దగ్గర మిగలకూడదని ఈడెన్ కాల్పించేశాడు. ఇజ్రాయెల్ మాత్రం తన కాపీ భద్రంగా దాచుకుంది. అక్టోబరు 29న అనుకున్నట్టే ఇజ్రాయెల్ దాడి చేసింది. నవంబరు 5న బ్రిటిష్, ఫ్రెంచి సైనికులు పారాచూట్లతో పోర్ట్ సయీద్‌లో దిగారు. మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి సరిగ్గా నాలుగు రోజులు.

అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఈ నాటకం గురించి ముందు చెప్పలేదు. మర్నాడు ఆయన ఎన్నిక. కోపంతో మండిపడ్డాడు, కానీ నౌకలతో యుద్ధానికి దిగలేదు. ఆ అవసరమే రాలేదు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

అప్పట్లో ఒక పౌండుకు 2.80 డాలర్లని స్థిరమైన రేటు. యుద్ధం వార్త రాగానే పౌండు విలువ పడుతుందేమోనని దాన్ని దాచుకున్నవాళ్లంతా అమ్మేసి డాలర్లు అడగడం మొదలుపెట్టారు. రేటు నిలబడాలంటే బ్రిటన్ తన ఖజానాలోని డాలర్లు తీసి ఆ పౌండ్లను కొనుక్కోవాలి. ఖజానా కరిగిపోతోంది. అంతర్జాతీయ ద్రవ్యనిధిని అప్పడిగారు. అమెరికా ఒప్పుకుంటేనే అది కదులుతుంది. యుద్ధం ఆపితేనే అంది అమెరికా. ఈలోపు ఈజిప్టు కాలువలో ఓడలు ముంచేసి దారి మూసేసింది, సౌదీ చమురు ఆపేసింది. చమురు అమెరికా దగ్గరే కొనాలి, దానికీ డాలర్లే కావాలి, వాళ్లు అదీ ఇవ్వలేదు. బ్రిటన్ ఆర్థిక మంత్రి మాక్‌మిలన్ మొదట్లో యుద్ధానికి అందరికంటే ముందు ఎగిరినవాడు. లెక్కలు చూశాక అందరికంటే ముందు ఆపమన్నదీ ఆయనే. నవంబరు 6 అర్ధరాత్రికి కాల్పులు ఆగాయి. డిసెంబరులో సైన్యం వెళ్లిపోతుందని తేలాకే ద్రవ్యనిధి 130 కోట్ల డాలర్ల సాయానికి ఒప్పుకుంది. జనవరిలో ఈడెన్ రాజీనామా చేశాడు.

అమెరికాకు ఈ పట్టు ఎక్కడిదంటే పన్నెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1944 జులైలో, ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, అమెరికాలోని బ్రెటన్ వుడ్స్ అనే చోట ఒక హోటల్లో 44 దేశాల వాళ్లు కూర్చున్నారు. స్వాతంత్ర్యం రాకపోయినా మన దేశం తరఫునా ప్రతినిధులు వెళ్లారు. యుద్ధం తరవాత ప్రపంచ వ్యాపారం ఏ డబ్బులో నడవాలన్నది చర్చ. ఏ ఒక్క దేశానిదీ కాని కొత్త ద్రవ్యం ఉండాలని బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్ పట్టుబట్టాడు. ఆయన తెలివిని అందరూ మెచ్చుకున్నారు గానీ మాట నెగ్గలేదు. లోకంలోని ప్రభుత్వాల బంగారంలో ఎక్కువ భాగం అప్పటికే అమెరికా ఖజానాకు చేరింది. యూరప్ ఫ్యాక్టరీలు బూడిదైతే అమెరికావి మూడు షిఫ్టులూ నడుస్తున్నాయి. ఔన్సు బంగారానికి 35 డాలర్లని ఖాయం చేసి, మిగతా డబ్బులన్నీ డాలరుకు కట్టేశారు. ద్రవ్యనిధి నిబంధనలూ అలాగే రాసుకున్నారు. ఈరోజుకీ అక్కడ పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా ఉన్నాయి. లెక్క వేసుకోండి. బ్రిటన్ పరిస్థితి ఎంత దిగజారిందంటే 1946లో అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. ఆ అప్పు ఆఖరి వాయిదా కట్టింది 2006 డిసెంబరులో, మీ నాన్న ఉద్యోగంలో చేరాక!

ఊళ్లో అప్పులిచ్చే ఆసామి కర్ర పట్టుకుని తిరగడు. అరుగు మీద కూర్చుంటాడు, వచ్చినవాళ్లే చెప్పులు విడిచి నిలబడతారు. అగ్రరాజ్యం అసలు బలం అక్కడుంది. నీ దగ్గర ఎంత ఉందన్న దానికంటే అవతలివాడికి నీతో ఎంత పనుందన్నదే ముఖ్యం. నా తీర్పు అదే, ఇద్దరికీ చెరి సగం మార్కులు.

ఆ అవసరం మన ఇంటిదాకా కూడా వచ్చింది. చిన్నప్పుడు మా బడిలో మధ్యాహ్నం పసుపుపచ్చ మొక్కజొన్న రవ్వతో ఉప్మా వండేవారు. అమెరికా ఉప్మా అనేవాళ్లం. బస్తా మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది. ఆ రుచి నాకు ఇప్పటికీ ఇష్టమే, చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు. 1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 అనే చట్టం కింద మనకు గోధుమలు వచ్చేవి, డబ్బు రూపాయల్లోనే కట్టొచ్చు. అక్కడి రైతుల పంట మిగిలిపోతోంది, ఇక్కడ ఆకలి. ఇద్దరికీ లాభమే. 1965, 66ల్లో వరసగా కరువు వచ్చేసరికి కథ మారింది. వియత్నాం మీద బాంబులు వేయడాన్ని ఢిల్లీ తప్పుపడుతోందని అధ్యక్షుడు జాన్సన్‌కు కోపం. వ్యవసాయం మీద మీరు శ్రద్ధ పెట్టడం లేదన్నది ఇంకో ఫిర్యాదు. ఏడాదికి సరిపడా గోధుమలకు ఒకేసారి ఒప్పుకోకుండా నెలల లెక్కన విడుదల చేయించాడు. ఓడ రేవుకొస్తే గానీ రేషన్ షాపు తెరుచుకోదన్నట్టు బతికాం.

ఆ అవమానం ఊరికే పోలేదు. ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం, శాస్త్రవేత్త స్వామినాథన్ మెక్సికో గోధుమ విత్తనాలు తెప్పించారు. వరిలో ఐ.ఆర్. 8 అనే వంగడం వచ్చింది. పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు 1967లోనే దాన్ని వేసి పండించి చూపించాడు. కొన్నేళ్లకు గోధుమ ఓడల మీద ఆధారపడే పని తగ్గిపోయింది. అయితే ఒక మాట. ఆ వరి వంగడం పుట్టిన ఫిలిప్పీన్స్ పరిశోధన సంస్థ అమెరికా ఫౌండేషన్ల డబ్బుతో పెట్టినదే. ఆ మెక్సికో గోధుమ వంగడాలు తయారుచేసిన శాస్త్రవేత్త బోర్లాగ్ అమెరికన్. మెడ మీద చెయ్యి వేసిందీ, చెయ్యి అందించిందీ ఒకే దేశం. ఒక దేశాన్ని రాక్షసుడని తేల్చేస్తే చరిత్ర చదవడం తేలిక అవుతుంది గానీ అర్థం కాదు.

అత్త వాళ్లింటికి విశాఖ వెళ్లినప్పుడు ఆర్.కె. బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి ఎక్కారు కదా. అది సోవియట్ యూనియన్‌లో తయారైంది. అదే తీరానికి కాస్త దూరంలో సముద్రం అడుగున ఇంకోటుంది, పాకిస్తాన్ వాళ్ల ఘాజీ. పుట్టుక అమెరికాలో, అసలు పేరు డయాబ్లో. అమెరికా 1964లో పాకిస్తాన్‌కు అద్దెకిచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడటానికి వచ్చి 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో మునిగిపోయింది. ఎలా మునిగిందన్నది మాత్రం రెండు దేశాలూ రెండు రకాలుగా చెప్తాయి. ఆ నెల మధ్యలో అమెరికా పాకిస్తాన్‌కు దన్నుగా ఎంటర్‌ప్రైజ్ అనే అణుశక్తి విమానవాహక నౌకను బంగాళాఖాతంలోకి పంపింది. ఇక్కడివాళ్లకు టెన్షన్ పట్టుకుంది. కానీ మనం ఆగస్టులోనే సోవియట్‌తో ఒప్పందం చేసుకుని ఉన్నాం. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. అంత పెద్ద నౌకా వచ్చిన దారినే వెళ్లింది.

దండబలానికి హద్దులు ఇలాగే బయటపడతాయి. సూయజ్‌లో బ్రిటన్ చెవి మెలేసిన అమెరికా, అదే వారం హంగరీలోకి సోవియట్ ట్యాంకులు దూరితే చూస్తూ ఊరుకుంది. అవతల కూడా అణుబాంబు ఉంది మరి. వియత్నాంలో 58,000 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు, వియత్నాం వాళ్లు లక్షల్లో. చివరికి 1975లో సైగాన్ పోయింది. అఫ్గానిస్తాన్‌లో ఇరవై ఏళ్లుండి 2021లో తాలిబన్లకే వదిలి వచ్చారు. ఎదుటివాడికి అది సొంత ఊరు, తనకు అనేక పనుల్లో ఒక పని. ఎవరు ఎక్కువ కాలం ఓర్చుకుంటారో ముందే తెలిసిపోతోంది.

డాలరుకూ వియత్నాం యుద్ధం దెబ్బ తగిలింది. ఆ ఖర్చుకు డాలర్లు బయటికి పోతూనే ఉన్నాయి, వాటికి సరిపడా బంగారం లేదు. ఫ్రాన్సు లాంటి దేశాలు మా డాలర్లు తీసుకుని బంగారం ఇవ్వండని అడిగాయి. 1971 ఆగస్టు 15న నిక్సన్ టీవీలో కనబడి ఇక ఇవ్వం అనేశాడు. డాలరు పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. అవలేదు. చమురు డాలర్లలోనే అమ్ముతున్నారు, అప్పులు డాలర్లలోనే ఉన్నాయి. అమెరికా మీద ప్రేమతో కాదు, వేరే దారి లేక వాడుతున్నారు.

ఆ దారి ఇప్పుడు వెతుకుతున్నారు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తాక అమెరికా, యూరప్ కలిసి రష్యాకు బయట ఉన్న సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను స్తంభింపజేశాయి. రష్యా చేసింది దుర్మార్గం, సందేహం లేదు. కానీ మిగతా దేశాలు ఇంకో పాఠం నేర్చుకున్నాయి. రేపు మన మీద కోపమొస్తే మన డబ్బూ ఆగిపోవచ్చు అని. 2022 నుంచి 2024 దాకా సెంట్రల్ బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు మించి బంగారం కొన్నాయి. మన రిజర్వ్ బ్యాంకు కూడా బ్రిటన్‌లో దాచిన బంగారంలో 100 టన్నులకు పైగా వెనక్కి తెచ్చుకుంది. 2000 ప్రాంతంలో ప్రపంచ దేశాలు దాచుకున్న విదేశీ ద్రవ్య నిల్వల్లో డాలరు వాటా 70 శాతం, ఇప్పుడు 60 లోపు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసినప్పుడు రొయ్యల చెరువులున్న భీమవరం మామయ్య గొంతు మీరూ విన్నారు. సుంకం కట్టేది అమెరికాలో దిగుమతి చేసుకునేవాడే. కానీ వాడు ఇక్కడి ఎక్స్‌పోర్టర్‌ని ధర తగ్గించమంటాడు, ఎక్స్‌పోర్టర్ చెరువు గట్టు మీదికి వచ్చి రైతుని తగ్గించమంటాడు. మేత ధర మాత్రం ఎవరూ తగ్గించరు. అమ్మేదంతా ఒకే దేశానికి అమ్మితే వచ్చే తంటా ఇది. అక్కడ ప్లేటు ధర పెరిగి అమెరికన్లూ తిట్టుకుంటారు, అది వేరే.

అమెరికా తరవాత చైనాయేనా అంటే, దాని యువాన్ వాటా ప్రపంచ నిల్వల్లో 3 శాతం కూడా లేదు. డబ్బును ఇష్టం వచ్చినట్టు బయటికి పోనివ్వని దేశం డబ్బును ఎవరు దాచుకుంటారు? కానీ దాని చేతిలో వేరే తాళం చెవి ఉంది. కార్ల మోటార్లకు కావాల్సిన అరుదైన ఖనిజాల అయస్కాంతాలు చాలావరకు చైనాలోనే తయారవుతాయి. 2025 ఏప్రిల్‌లో వాటి ఎగుమతికి లైసెన్సులు పెట్టగానే అమెరికా కార్ల ఫ్యాక్టరీలు తడబడ్డాయి. జులైలో అమెరికా రక్షణ శాఖ కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని నడిపే కంపెనీలో తానే పెద్ద వాటాదారుగా చేరింది. 1966లో మనం గోధుమ విత్తనాల కోసం పడిన పాట్లు ఇప్పుడు వాళ్లు అయస్కాంతాల కోసం పడుతున్నారు.

పరీక్షలు అయ్యాక రండి, కురుసుర ఇంకోసారి ఎక్కుదాం.

ఆశీస్సులతో
మీ తాతయ్య