ఫుట్‌బాల్ కోచింగ్ గేమ్‌లో ఏ ఫీచర్లు కావాలి: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్లో మనమే కోచ్‌గా ఉండి జట్టును నడిపే ఫుట్‌బాల్ కోచింగ్ గేమ్‌లకు మ్యాచ్ లెక్కలు రాయడం నా పని. ఆడేవాళ్లు పంపే సలహాల్లో మంచివి చాలానే ఉంటాయి. కొన్ని నమ్మకాలు మాత్రం ఎన్నేళ్లయినా వదలవు.

అపోహ: పద్దెనిమిది షాట్లు కొట్టి ఓడామంటే కంప్యూటర్ మోసం చేసినట్టే.

వాస్తవం: మాకు ఎక్కువ తిట్లు పడేది దీనికే. ఆ 18 షాట్లూ దూరం నుంచి, డిఫెండర్ల గుంపులోంచి కొట్టారనుకోండి. ఒక్కోటి గోల్ అయ్యే అవకాశం 4 శాతం. అన్నీ కలిపినా సగటున 0.72 గోలే. అసలు ఒక్కటీ పడకపోయే అవకాశం దాదాపు 48 శాతం, అంటే ఇంచుమించు బొమ్మా బొరుసే. అవతలివాళ్లు నాలుగే కొట్టారు, కానీ రెండు గోల్‌కీపర్‌కి ఎదురుగా నిలబడి. లెక్క సరిగ్గానే ఉంది. మా తప్పల్లా తెర మీద ‘షాట్లు 18 - 4’ అని చూపించి ఊరుకోవడం. ఏ షాట్ ఎక్కడి నుంచి కొట్టారో, ఎంత మంది అడ్డున్నారో మైదానం బొమ్మ మీద చుక్కలు పెట్టి చూపిస్తే ఓడినవాడికి కనీసం కారణం తెలుస్తుంది. నన్నడిగితే అన్నిటికంటే ముందు రావాల్సిన ఫీచర్ ఇదే.

అపోహ: ఆటగాడికి ఎన్ని అంకెలు ఇస్తే గేమ్ అంత నిజంగా ఉంటుంది.

వాస్తవం: ఏ కోచ్‌కీ ఆటగాడి నుదుట ‘పాసింగ్ 14’ అని రాసి కనబడదు. స్కౌట్ (కొనదగ్గ ఆటగాళ్లను చూసొచ్చే మనిషి) రెండు మ్యాచ్‌లు చూసొచ్చి ‘10కీ 16కీ మధ్య’ అనాలి. ఇంకో నాలుగు చూశాక ఆ తేడా తగ్గాలి. అంతలోపే కొనాలా వద్దా అన్న టెన్షన్ ఉంటేనే ఆట.

అపోహ: 3డి లేకపోతే ఎవరూ ఆడరు.

వాస్తవం: 1992లో వచ్చిన ఛాంపియన్‌షిప్ మేనేజర్‌లో మ్యాచ్ అంటే వరుసగా వచ్చే అక్షరాలే. అయినా ఆడారు.

అపోహ: నిజం ఆటలోని రూల్ ఒకటి చేర్చడం ఎంతసేపు!

వాస్తవం: ఐదు సబ్‌స్టిట్యూషన్లు 2020లో తాత్కాలికంగా వచ్చి, 2022లో ఆట నియమాల్లో స్థిరపడ్డాయి. 3ని 5 చేస్తే సరిపోతుందనుకున్నాం. తిరకాసు ఎక్కడంటే, ఆట నడుస్తుండగా మార్పులకు మూడు అవకాశాలే. హాఫ్‌టైమ్‌లో చేసేవి ఆ లెక్కలోకి రావు. మా కంప్యూటర్ కోచ్ 55, 62, 70 నిమిషాల్లో ఒక్కొక్కరిని మార్చేశాడు. 78లో డిఫెండర్ కాలు పట్టుకుని కూలబడ్డాడు. రెండు సబ్‌లు మిగిలే ఉన్నాయి, బెంచీ మీద మనుషులూ ఉన్నారు, కానీ పంపే దారి లేదు. మిగతా ఆటంతా పదిమందితోనే. టెస్టింగ్‌లో చూసి నవ్వుకున్నాం గానీ, ‘ఇద్దరిని ఒకేసారి మార్చు, ఒక అవకాశం దాచుకో’ అని వాడికి నేర్పేసరికి వారాలు పట్టింది.

అపోహ: హాఫ్‌టైమ్‌లో జట్టుతో ఏమనాలో చూపించే బటన్లలో సరైన మాట ఎంచుకుంటే ఆట తిరిగిపోవాలి.

వాస్తవం: ప్రతిసారీ తిరిగితే అది మాట కాదు, మంత్రం. అరిస్తే పని జరుగుతుందని ఒకసారి తెలిసిందా, ఇక ఆ బటన్ తప్ప ఇంకోటి నొక్కరు. నా చేతిలో ఉంటే ఆ బటన్లన్నీ తీసేస్తాను. పదిహేను నిమిషాల విరామంలో ఇద్దరు ఆటగాళ్లతోనే మాట్లాడనిస్తాను. తప్పు చేసిన గోల్‌కీపర్‌తోనా, నోరు మెదపని కెప్టెన్‌తోనా, మీరే తేల్చుకోండి.