సెలవుల్లో పిల్లల్ని ల్యాబ్‌కు పంపుతున్నారా? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో మిర్చి నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తాను. ఎండాకాలం సెలవులు వస్తే చాలు, తొమ్మిది, పది చదివే పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు వస్తారు. "మా వాడికి సైన్స్ అంటే పిచ్చండీ, నాలుగు రోజులు మీ దగ్గర ఉంచుకోండి" అంటారు. అలాంటి పిల్లలంటే మాకూ ఇష్టమే. కాకపోతే కొన్ని సంగతులు ముందే తెలిస్తే మంచిది.

అపోహ: ల్యాబ్‌లో అడుగుపెట్టగానే ప్రయోగాలు చేయిస్తారు.

వాస్తవం: ముందు నేర్పేది శాంపిల్ తీయడం. సరిగ్గా ఆరని కాయల్లో బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది సరుకంతా సమానంగా ఉండదు. ఒక కాయలో బోలెడంత ఉంటే, పక్క కాయలో అసలుండదు. ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) లోంచి గుప్పెడు తీసి చూస్తే ఎంత ఖరీదైన మెషీన్ అయినా సరుకు సంగతి సరిగ్గా చెప్పలేదు. అందుకే చాలా టిక్కీల నుంచి కొంచెం కొంచెం తీసి, కలిపి, పొడి కొట్టి, మళ్లీ కలిపి అప్పుడు తూస్తాం. మసాలా దినుసుల్లో మన దేశంలో పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు. యూరప్‌లో మిర్చికి 10 దాటకూడదు, అందులో బి1 రకం 5 లోపే ఉండాలి. సరుకు ఓడ ఎక్కాలా వద్దా అన్నది ఇంత చిన్న అంకె మీద ఉంటుందని తెలిశాక, పిల్లలు లేబుల్ రాయడం కూడా శ్రద్ధగా చేస్తారు.

తర్వాత మైక్రోపిపెట్ (బొటనవేలితో మీట నొక్కి వదిలితే కొలత ప్రకారం కొద్దిపాటి ద్రవాన్ని పీల్చే పరికరం) ఇచ్చి మామూలు నీళ్లతో సాధన చేయిస్తాం. 100 మైక్రోలీటర్ల నీళ్లు త్రాసులో దాదాపు 100 మిల్లీగ్రాములు తూగాలి. మొదట్లో ఒకసారి 92, ఇంకోసారి 105 చూపిస్తుంది. బొటనవేలు చటుక్కున వదిలితే లోపల గాలి చేరుతుంది. దాని చివరనుండే టిప్ లోతుగా ముంచితే దాని బయట నీళ్లు అంటుకుంటాయి. ఎక్కడ తేడా వస్తోందో వాళ్లంతట వాళ్లే పట్టుకునేదాకా మేం ఏమీ చెప్పం. నా దృష్టిలో అసలు చదువు ఇదే.

అపోహ: ల్యాబ్‌లో ఇచ్చే సర్టిఫికెట్ ఉంటే కాలేజీ సీటు వస్తుంది.

వాస్తవం: రాదు. మెడిసిన్‌కు నీట్ ర్యాంకు, తిరుపతిలోని సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌కు దాని ప్రవేశ పరీక్ష ఐఏటీ ర్యాంకు చూస్తారు. సర్టిఫికెట్ కోసమే అయితే పిల్లల సెలవులు పాడుచేయకండి.

అపోహ: క్లాస్ ఫస్ట్ వచ్చేవాళ్లకే ఇదంతా.

వాస్తవం: ఓపిక, శుభ్రత, చూసింది చూసినట్టు రాయడం ఉంటే చాలు.

అపోహ: ల్యాబ్ ఉద్యోగమంటే రక్త పరీక్షలే, దానికి బైపీసీ చదవాల్సిందే.

వాస్తవం: ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గు, నీళ్లు పరీక్షించాలి. డెయిరీల్లో పాలు, మందుల కంపెనీల్లో ప్రతి బ్యాచ్ పరీక్షించాలి. వీటిలో చాలా చోట్ల కెమిస్ట్రీదే పెద్ద పీట. ఎంపీసీ పిల్లలకూ దారి ఉంది.

అపోహ: కోటు, గ్లౌజులు వేసుకుంటే ఏదైనా ముట్టుకోవచ్చు.

వాస్తవం: మిర్చి రంగు కొలిచేందుకు వాడే ఎసిటోన్ అనే ద్రవానికి ఇట్టే నిప్పంటుకుంటుంది. దాన్ని పిల్లల చేతికి ఇవ్వం. ఆసుపత్రి ల్యాబ్ అయితే రక్తం శాంపిళ్లను దూరం నుంచి చూడటం వరకే. పంపే ముందు "మా పాప పక్కన రోజంతా ఎవరుంటారు?" అని అడగండి. సరైన జవాబు రాకపోతే పంపకండి. పంపేటప్పుడు కాళ్లు పూర్తిగా కప్పే బూట్లు, కాటన్ బట్టలు వేయండి, జుట్టు ముడి వేయండి. ఒక నోట్‌బుక్, పెన్ను ఇవ్వండి. పెన్సిల్ వద్దు. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, చెరపకూడదు.