నూకల నిషేధం వెనుక అరవై ఏళ్ల కథ

2022లో నూకల ఎగుమతి ఆపిన కేంద్రం, 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కూడా ఆపేసింది. శ్రీకాకుళం జిల్లాలో అవి ఉభాలకు, అంటే వరి నాట్లకు సిద్ధమయ్యే రోజులు. ఈ కథ మొదలైంది మాత్రం అమెరికా గోధుమతో.

మన ఊళ్లలో పెద్దవాళ్లను కదిపితే బడిలో పెట్టిన ఉప్మా, పాలపొడి గుర్తుచేసుకుంటారు. కేర్ సంస్థ ద్వారా వచ్చిన ఆ సరుకు అమెరికాది. అక్కడ గోధుమలు గోదాముల్లో పేరుకుపోయి, రైతుకు ధర దక్కడం కష్టమైంది. అందుకే ఆ మిగులు గింజలను వేరే దేశాలకు ఇవ్వడానికి 1954లో పీఎల్-480 చట్టం చేశారు. 1956లో మనం ఒప్పందం చేసుకున్నాం. డాలర్లు లేని దేశానికి రూపాయల్లో చెల్లించే వీలు పెద్ద ఊరట.

1965, 66లో వరసగా కరువొచ్చింది. 1966లో కోటి టన్నుల దాకా తిండిగింజలు తెచ్చుకున్నాం. సరిగ్గా అప్పుడే అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమను ఒకేసారి ఇవ్వకుండా కొద్దికొద్దిగా వదిలాడు. మన వ్యవసాయ విధానం మారాలన్నది ఆయన పట్టు. వియత్నాం యుద్ధాన్ని మనం తప్పుపట్టడం కూడా ఆయనకు నచ్చలేదు. ఆకలితో ఉన్నవాడితో అలా బేరమాడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాత ఎక్కువ దిగుబడినిచ్చే వరి రకాలు వచ్చాయి: ఐఆర్-8 వచ్చింది, మార్టేరు పరిశోధన స్థానం నుంచి స్వర్ణ వచ్చింది, రాగోలు పరిశోధన స్థానం శ్రీకాకుళం సన్నాలు ఇచ్చింది. ఇప్పుడు ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో మన వాటా దాదాపు 40 శాతం.

మనం జావ కాచుకునే నూకలే సెనెగల్‌లో ఇష్టమైన భోజనం. 2022 సెప్టెంబరులో కోళ్ల మేతకు, ఇథనాల్‌కు కొరత రాకూడదని వాటి ఎగుమతి ఆపాం. ఇక్కడ ధరలు అదుపులో ఉండాలన్నది న్యాయమే. కానీ మన గింజ మీద బతికేవాళ్లకు ఉన్నట్టుండి తలుపు వేయడం న్యాయం కాదు.

మన రైతుకూ ఇది మేలు కాదు. కాకినాడ రేవులో బియ్యం ఆగితే కల్లంలో బేరమాడే బలం తగ్గుతుంది. మిగిలేది మద్దతు ధర: 2023-24లో సాధారణ రకం క్వింటాకు 2,183 రూపాయలు. దానికీ తేమ 17 శాతం దాటకూడదు. మంచు కురిసే రోజుల్లో ధాన్యం ఆరబెట్టే టెన్షన్ కల్లంలో పడుకున్నవాళ్లకే తెలుసు.

తెల్లబియ్యంపై నిషేధం 2024 సెప్టెంబరులో, నూకలపై 2025 మార్చిలో తీసేశారు. అదే ఏడాది జూలై 1తో అమెరికా ప్రభుత్వ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ విదేశీ సాయం ఆగిపోయింది. ఆ సాయం అందుకున్న దేశాలు ఇక ప్రపంచ మార్కెట్లో కొనుక్కోవాలి. అక్కడ పది బస్తాల బియ్యంలో నాలుగు మనవే.