పిల్లకాయల చెస్ టోర్నీ: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులోనో ఒంగోలులోనో ఆదివారం అండర్-11 టోర్నీ పెడితే, ఏడ్చుకుంటూ బయటికొచ్చే పిల్లకాయల్లో ఆట రాక ఓడినవాళ్లు కొందరే. రూలు ఎవరో తప్పుగా చెప్పబట్టి ఓడినవాళ్లూ ఉంటారు. వాళ్లను చూస్తేనే మనసుకు కష్టంగా ఉంటుంది.

అపోహ: బంటు చివరి గడికి చేరితే రూక్‌ను (ఏనుగును) బోర్లించి క్వీన్ అనుకోవచ్చు.

వాస్తవం: ఇంట్లో చెల్లుతుంది. టోర్నీలో బోర్లించిన రూక్ రూకే. దాన్ని ఏటవాలుగా నడిపితే తప్పుడు ఎత్తు (రూల్ ఒప్పుకోని నడక). ఇంకో క్వీన్ దగ్గర్లో లేకపోతే క్లాక్ (ఇద్దరి టైం లెక్కబెట్టే గడియారం) మీద పాజ్ నొక్కి, చెయ్యెత్తి ఆర్బిటర్‌ని (టోర్నీ రిఫరీని) పిలవాలి. క్వీన్ వచ్చాక బంటు తీసి అదే గడిలో పెట్టి, అప్పుడు క్లాక్ కొట్టాలి, అంటే ఎత్తు అయిపోయిందని బటన్ నొక్కాలి. ఇందుకోసం క్లాక్ ఆపే హక్కు రూల్స్‌లోనే ఉంది, పిల్లలు జంకనక్కర్లేదు. కంగారులో బంటును అలాగే వదిలి క్లాక్ కొడితే అదీ తప్పుడు ఎత్తే. పైగా ఆ బంటు క్వీనే అవుతుంది, గుర్రం కావాలన్నా కుదరదు.

అపోహ: ఎదుటివాడు చెక్ చూసుకోకపోతే రాజును చంపేసి గెలవొచ్చు.

వాస్తవం: రాజును తీయడమే తప్పు. పావు ముట్టకుండా క్లాక్ ఆపి ఆర్బిటర్‌కి చెప్పాలి. మొదటిసారికి క్లాసికల్‌లో (ఎక్కువ టైం ఉండే ఆట) అయినా, ర్యాపిడ్‌లో (తక్కువ టైం ఉండే ఆట) అయినా మనకు 2 నిమిషాలు కలుపుతారు. వాడే రెండోసారి చేస్తే, మేట్ చేయగల పావులు మనకుంటే గేమ్ మనదే. ర్యాపిడ్‌లో మన ఎత్తు వేసేశాక అడిగితే మామూలుగా ఒప్పుకోరు.

అపోహ: చెయ్యి తగిలితే చాలు, ఆ పావే జరపాలి.

వాస్తవం: మోచెయ్యి తగిలి పడితే కాదు, జరపాలని పట్టుకుంటేనే. సర్దాలంటే మన టైం నడిచేటప్పుడు "అడ్జస్ట్" అని ముందే చెప్పాలి. క్యాస్లింగ్‌లో (రాజునీ రూక్‌నీ ఒకే ఎత్తులో జరపడం) మాత్రం జాగ్రత్త: రూక్‌ను ముందు పట్టుకుంటే ఆ ఎత్తులో దానితో క్యాస్లింగ్ పోయినట్టే. రాజును రెండు గడులు జరిపి, అదే చేత్తో రూక్ దాటించి, అదే చేత్తో క్లాక్ కొట్టాలి. రెండు చేతులూ వాడి క్లాక్ కొడితే తప్పుడు ఎత్తు కిందే లెక్క.

అపోహ: మొదటి రౌండ్ పోతే ఇక ఇంటికే.

వాస్తవం: స్విస్ పద్ధతిలో ఎవరూ ఎలిమినేట్ కారు, సమాన పాయింట్లున్నవాళ్లతో జత కడతారు. 6 రౌండ్లలో ఒకటి పోయినా 5 పాయింట్లు చేతిలోనే ఉన్నాయి. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో తెల్లారే బస్సెక్కి తెచ్చిన బిడ్డను దయచేసి మధ్యలో తీసుకెళ్లకండి.

తల్లిదండ్రులు తప్పు చూసినా బోర్డు దగ్గర నోరు విప్పకూడదు, ఆర్బిటర్‌కి మాత్రమే చెప్పాలి. ఫోన్ మీ దగ్గరే ఉంచుకోండి. ఆటలో పిల్లవాడి జేబులో ఉందని తేలితే మామూలుగా ఆ గేమ్ పోతుంది.