వీధి చివరి తూము

బరంపురం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల వీధి చివర రోడ్డు కింద 300 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిమెంటు పైపు ఉంది, వీధి నీళ్లన్నీ దాని గుండానే అవతలి పెద్ద కాలువలో పడాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పటి నుంచి ప్రతి పెద్ద వానకీ నీళ్లు గుమ్మం ఎక్కుతున్నాయి. "పక్కనే అలాంటిదే ఇంకో పైపు వేస్తారట, ఇక టెన్షన్ ఉండదు కదరా?" అంది. ఉంటుంది పిన్నీ.

వచ్చే నీళ్ల లెక్క సులువు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. ఆ వీధీ, దానిలోకి పారే సందులూ కలిపి 4 హెక్టార్లు, వాన గంటకు 50 మిల్లీమీటర్లు అనుకుందాం. డాబాలు, సిమెంటు రోడ్లు, టైల్స్ పరిచిన వాకిళ్లు కాబట్టి 80 శాతం పారిపోతుంది. అంటే సెకనుకు 444 లీటర్లు. అక్కడ పొలాలున్నప్పుడు 30 శాతమే పారిందనుకుంటే 167 లీటర్లే.

మరి పైపు ఎంత మోస్తుంది? ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ పేరున 1889 నుంచీ ఉన్న సూత్రం ఇక్కడ పనికొస్తుంది. 400 మీటర్లకు 1 మీటరు వాలుంటే 300 పైపు నిండా పారినా సెకనుకు 48 లీటర్లే. రెండు వేస్తే 96. అదే 600 పైపు ఒక్కటి వేస్తే 307 లీటర్లు, 900 వేస్తే 905! వ్యాసం రెట్టింపు చేస్తే మోత, అంటే పైపు మోసే నీళ్లు, 6.35 రెట్లవుతుంది.

ఎందుకో తెలియాలంటే బరంపురంలో జరిగే ఠాకురాణీ యాత్ర అనే జాతర రోజు సన్న సందులో నడవడం గుర్తు తెచ్చుకోండి. ప్రతి ఒక్కరి భుజమూ గోడకో అరుగుకో రాసుకుంటుంది, అందరూ నెమ్మదిస్తారు. పెద్ద రోడ్డు మీద అంచున ఉన్నవాళ్లకే ఆ రాపిడి, మధ్యలోవాళ్లు చకచకా సాగిపోతారు. అంటే పట్టే మనుషులూ ఎక్కువ, నడకా వేగం. నీళ్లదీ అంతే: వ్యాసం రెట్టింపైతే పైపు నోటి వైశాల్యం 4 రెట్లు, వేగం 1.59 రెట్లు, రెండూ గుణించుకుంటాయి. లెక్కల భాషలో ఇది వ్యాసానికి 8/3 ఘాతం. ఘాతాంకాలను బడిలో నల్లబల్ల మీదే చెప్పి వదిలేస్తాం, ఒక్కసారి పిల్లల్ని తూము దగ్గరికి తీసుకెళ్తే జన్మలో మరిచిపోరు.

పూడిక అదే సందులో అడ్డంగా పెట్టిన తోపుడు బండి. పైపు సగం పూడితే మోత సగమవుతుందని అనుకుంటాం, కానీ మిగిలిన నీరు పైపు గోడనే కాక పూడిక పైభాగాన్నీ రాసుకోవాలి కాబట్టి దాదాపు మూడో వంతుకే పడిపోతుంది.

వాలు రెట్టింపు చేస్తే కలిసొచ్చేది 1.41 రెట్లే. పైగా లెక్కలోకొచ్చేది నేల వాలు కాదు, నీటిమట్టాల తేడా. అవతలి కాలువ నిండి పైపు నోరు మునిగిందంటే ముందున్న ఊరేగింపు నెమ్మదించినట్టే, కాలువ మట్టం వీధి కన్నా పైకొస్తే నీళ్లు వెనక్కే వస్తాయి. అలాంటిచోట 900 పైపు వేసినా లాభం లేదు, దాని నోటికి వెనక్కి తెరుచుకోని మూత పెట్టాలి, కాలువ తగ్గేదాకా వీధి నీళ్లు నిలవడానికి చోటూ చూడాలి.

ఇంకోటి చెప్పి తీరాలి. నీళ్లు ఈశాన్యానికే పోవాలని, కాలువ పడమటనున్నా సరే, వాకిలి అటు వాలుగా కట్టేవాళ్లు చాలామంది. ఆ నీళ్లు వెళ్లడానికి దారి లేక పునాది పక్కనే నిలుస్తాయి. దిక్కును బట్టి నీళ్లు పారవు, పల్లానికి పారతాయి.

అందుకే పిన్నీ, రెండో 300 పైపుకి ఇప్పుడే ఒప్పుకోవద్దు. ఎండ కాసిన రోజు బాబాయిని టేపు పట్టుకుని వెళ్లమను. పైపులో పూడిక ఎన్ని అంగుళాలుందో, అవతలి కాలువ గోడ మీద పోయిన వానల నీటి మరక పైపు నోటికి ఎంత పైన ఉందో కొలిచి నాకు చెప్పండి. మరక పైనే ఉంటే ముందు ఆ కాలువ సంగతే చూడాలి.