ఎన్ఎస్-10: తెల్ల కోన్ ఉంటే మిక్స్ కుదిరిపోతుందా?

హోమ్ స్టూడియో పెట్టుకుంటున్న కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగేది చాలాసార్లు ఇదే. "అన్నా, పాత యమహా ఎన్ఎస్-10 స్పీకర్ల జత దొరికింది. అప్పు చేసైనా తీసేసుకోమంటావా?" పెద్ద ఇంజనీర్ల ఫోటోల్లో ఆ స్పీకర్ తెల్ల కోన్ (ముందు కనిపించే గుండ్రటి పొర) చూసి, తమ మిక్స్ (గొంతు, వాయిద్యాలు పాళ్లు చూసి కలపడం) కుదరనిది అది లేకే అనుకుంటారు.

అపోహ: ఎన్ఎస్-10లో బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది.

వాస్తవం: జేబులు ఖాళీ చేస్తున్నది ఈ ఒక్క మాటే. 1978లో యమహా దీన్ని ఇంట్లో పాటలు వినడానికి అమ్మింది. ఇళ్లలో పెద్దగా నచ్చలేదు. పేరున్న మిక్సింగ్ ఇంజనీరు బాబ్ క్లియర్‌మౌంటెన్ లాంటి వాళ్లు కన్సోల్ (మిక్సింగ్ బల్ల) మీద పెట్టుకున్నాక దాని దశ తిరిగింది. 2 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్స్ (మధ్య స్థాయి శబ్దాలు) ముందుకు పొడుచుకొస్తాయి. గొంతు, గిటార్, స్నేర్ డ్రమ్ ఒకదాన్నొకటి తొక్కుతుంటే వెంటనే దొరికిపోతాయి. అదే దాని గొప్ప. కింది బేస్ మాత్రం దాదాపు ఉండదు. దాని కోసం ఆ స్టూడియోల్లో గోడలోకి బిగించిన పెద్ద మానిటర్లు (స్టూడియో స్పీకర్లు) వేరే ఉండేవి. ఫోటోలో వాటిని ఎవరూ చూడరు!

ఒకబ్బాయి తన పాట పట్టుకొచ్చాడు. ఎన్ఎస్-10లో కిక్ డ్రమ్ వినపడక పెంచుకుంటూ పోయాడట, కారులో పెడితే డోర్లు అదిరిపోతున్నాయి. "నా చెవులే సరిగ్గా లేవేమో అన్నా" అని దిగులు. చెవులు బాగానే ఉన్నాయి నాన్నా, టెన్షన్ పడకు. నీ గదిలో నాలుగు వైపులా ఉత్త గోడలు. ముందు శబ్దాన్ని పీల్చుకునే రాక్‌వూల్ ప్యానెల్స్ మీద ఖర్చు పెట్టు. ఉన్న స్పీకర్ల మీదే నీకు బాగా తెలిసిన పాటలు రోజూ విను. ఆ స్పీకర్లు ఎక్కడ అబద్ధం చెబుతున్నాయో మెల్లగా తెలుస్తుంది.

అపోహ: చెత్త స్పీకర్ కాబట్టే స్టూడియోలో పెట్టారు.

ఎవరు పుట్టించారో గానీ! అది పోర్ట్ (గాలి పోయే రంధ్రం) లేని సీల్డ్ బాక్స్. నోట్ ఆగితే స్పీకర్ కూడా ఠక్కున ఆగుతుంది, బేస్ సాగదు. 2001 నాటి సౌతాంప్టన్ యూనివర్సిటీ కొలతల్లో బయటపడ్డదీ ఇదే. 2008లో దీనికి టెక్నికల్ గ్రామీ కూడా ఇచ్చారు.

ట్వీటర్ (సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) మీద టిష్యూ పేపర్ అంటించాలా? అక్కర్లేదు. మొదటి మోడల్ చెవిలో గుచ్చుతోందని మొదలైన అలవాటది. 1987లో వచ్చిన స్టూడియో మోడల్‌లో ఆ గుచ్చుడు తగ్గించారు.

యమహా హెచ్ఎస్ సిరీస్ స్పీకర్లకూ తెల్ల కోనే కదా, రెండూ ఒకటేనా? కాదు. అవి పోర్ట్ ఉన్న పవర్డ్ (ఆంప్లిఫయర్ లోపలే ఉన్న) స్పీకర్లు.

ఇక కొని తీరాలనుకునేవాళ్లకు. కోన్‌కు కావలసిన పల్ప్ దొరక్క 2001లోనే తయారీ ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండే. వాటిలో ట్వీటర్ కాలిపోయి మార్చినవి, వూఫర్ (పెద్ద స్పీకర్) కోన్ మార్చి రీకోన్ చేసినవి ఉంటాయి. ఎడమది ఒక జతలోంచి, కుడిది ఇంకో జతలోంచి తెచ్చి కలిపినవీ ఉంటాయి. మోనోలో (రెండిట్లోనూ ఒకే శబ్దం వచ్చేలా) ఒకే పాట పెట్టి రెండూ మార్చి మార్చి వినకుండా డబ్బులు చేతికివ్వొద్దు. పైగా ఇది పాసివ్, అంటే లోపల ఆంప్ (ఆంప్లిఫయర్) ఉండదు, విడిగా కొనాలి. అడ్వాన్స్ ఇచ్చేశాక "ఆంప్ కూడా కావాలా అన్నా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు.